పైరు మునిగి, ప్రార్థన నోట రానప్పుడు

రాజోలు వైపు పల్లపు చేలల్లో నాలుగెకరాలు మక్తాకు, అంటే కౌలుకు చేసే ఒక సోదరుడి ప్రశ్న ఇది. సార్వా (ఖరీఫ్ వరి) కోసి పనలు చేలోనే ఉండగా వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు నీళ్లలో నానేసరికి వెన్ను మీదే గింజ మొలకెత్తింది. ఆసామి, అంటే భూమి యజమాని, మక్తా బస్తాలు కొలవమంటున్నారు. పెట్టుబడికి తెచ్చిన డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీది. సంఘంలో ఒకరు విశ్వాసం చాలక ఇలా అయ్యిందన్నారు, ఇంకొకరు విత్తన కానుక వేస్తే దేవుడు నూరంతలుగా తిరిగిస్తాడన్నారు. "మోకరిస్తే ఒక్క మాటా రావట్లేదండి. మా ఆవిడ పక్కనే కన్నీళ్లతో ప్రార్థన చేస్తుంటే నాకు లేచి బయటికి పోవాలనిపిస్తోంది. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడదు. ఇంకా దేనికోసం నిరీక్షించమంటారు?" అని అడిగారు.

వందనాలు సోదరా. మీ ప్రశ్నలో మూడు సంగతులు కలగలిసి ఉన్నాయి. ఒంటికీ మనసుకీ తగిలిన దెబ్బ ఒకటి, అప్పూ పంటా లెక్క ఒకటి, దేవుడితో మాట తెగిపోవడం ఒకటి. మూడింటినీ ఒక్కటిగా చూసినప్పుడే మనిషికి ఊపిరి ఆడదు. వైద్యం కావలసిన చోట ప్రార్థన ఒక్కటే చేయించడం, దరఖాస్తు పెట్టాల్సిన చోట ఉపవాస కూడిక ఒక్కటే పెట్టడం మన సంఘాల్లో తరచు జరిగే పొరపాటు. అందుకే విడివిడిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఇంట్లో, పశువుల పాకలో, మోటారు షెడ్డులో పురుగుమందూ కలుపుమందూ ఏమున్నా ఈ రోజే ఇల్లు దాటించండి. నమ్మకమైన వాళ్ల దగ్గర తాళం వేసి పెట్టించండి, తాళం చెవి మీ దగ్గర ఉంచుకోకండి. చచ్చిపోదామన్న ఆలోచన మీరు రాయలేదు, మీకు ఉందని నేనూ అనడం లేదు. కానీ అప్పు, నిద్రలేమి, అవమానం మూడూ కలిసిన ఇంట్లో ఈ జాగ్రత్త అడగకుండానే చెప్పాలి. అలాంటి తలంపు చాలాసార్లు కొద్దిసేపు ఉప్పెనలా వచ్చి తగ్గుతుంది. ఆ కొద్దిసేపూ చేతికి ఏదీ అందకపోతే మనిషి దక్కుతాడు.

ఇక లోతు ఎంతో చూసుకోవడం. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ తుపానులో చిక్కుకుంటుంది. పద్నాలుగో రాత్రి, నేల దగ్గర పడుతోందని అనిపించగానే నావికులు చేసిన మొదటి పని బుడుదు (లోతు కొలిచే తాడుగుండు) వేసి చూడడం. ఇరవై బారలు వచ్చింది. కొంచెం ముందుకెళ్లి మళ్లీ వేస్తే పదిహేను. ప్రార్థన మానేసి లోతు కొలిచారని ఆ పుస్తకం రాసిన లూకా ఎక్కడా తప్పు పట్టలేదు. మన దగ్గర ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం గేజీ చూసి 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మూడో హెచ్చరిక వచ్చాక సామాను సర్దుకుందామనుకునేవాడు నది లంకల్లో ఎవడూ ఉండడు. మనసు విషయంలోనూ అలాగే చూడండి.

దిగులు ఉన్నా తిండీ నిద్రా సాగుతున్నాయి, పిల్లలు నవ్వితే నవ్వగలుగుతున్నారు, పనికి కాలు కదులుతోంది అంటే అది మొదటి హెచ్చరిక. దాన్ని దుఃఖం అనాలి. దానికి తోడు కావాలి, మందు అక్కర్లేదు. అదే దిగులు రెండు వారాలు దాటినా తగ్గకుండా, రోజూ తెల్లవారుజామునే మెలకువ వస్తూ, ఆకలి చచ్చి, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే రెండోది. మీరు రాసిన మూడు గంటల మెలకువ ఈ వరసలోదే. ఇది కుంగుబాటు కావచ్చు. డాక్టరు చూడాలి. నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు అన్న ఆలోచన వస్తే, ఎలాగో ఎప్పుడో అని లెక్క వేసుకుంటుంటే అది మూడోది. ఆ రాత్రి ఒంటరిగా ఉండకూడదు. తెల్లారేదాకా ఆగకూడదు.

ఫోనులో 14416 కొడితే టెలీ మానస్ వస్తుంది. ప్రభుత్వానిది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాపాయం అయితే 112. ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోండి. కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగమే ఉంది. మందులు రాస్తే ఒక సంగతి ముందే తెలుసుకోండి. కుంగుబాటు మందులు జ్వరం మాత్రల్లా పూటకు పనిచేయవు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. మన వాళ్లు ఎక్కువమంది పదో రోజున, ఏం తేడా లేదని ఆపేస్తారు. ఇంకొందరు కాస్త తేరుకోగానే, ప్రార్థనతో తగ్గిపోయిందని సాక్ష్యం చెప్పి మాత్రలు పారేస్తారు, నెల తిరగకుండా మళ్లీ పడిపోతారు. డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతే బాగుండునని అడిగినప్పుడు దేవుడు ఆయనకు ప్రసంగం పంపలేదు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. హోరేబు కొండ దగ్గర మాట్లాడింది ఆ తర్వాతే. ఒంటి సంగతి చూడడం అవిశ్వాసం కాదనడానికి నాకు ఈ ఒక్క అధ్యాయం చాలు.

"ఇది నా పాపానికి శిక్షా?" అని మీరు అడగలేదు కానీ, విశ్వాసం తక్కువైందన్న మాట అక్కడికే లాక్కెళుతుంది. కాబట్టి జవాబు చెప్పాలి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులా అని అడిగి, కాదని యేసే తేల్చి చెప్పారు. పుట్టుగుడ్డివాడి విషయంలోనూ వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నారు. మీ పనలు మునగడానికి కారణాలు మీ చేలోంచే కనిపిస్తాయి. సార్వా కోత సరిగ్గా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే నెలల్లో పడుతుంది. డెల్టా చివరి భూములు సముద్ర మట్టానికి దగ్గరగా ఉంటాయి, పోటు సమయంలో నీరు బయటికి పోదు. మురుగు కాలువలు పూడిపోయి గుర్రపు డెక్క అల్లుకుని ఉంటే పోవలసిన నీరూ పోదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు బాధ గురించీ మాట్లాడారు. కాలువ తవ్వించాల్సిన చోట మీ పాపాలు తవ్వుకోకండి. అదే వానకు మీ పక్క చేనూ మునిగింది. ఆయన ఏ దేవుణ్ణి కొలిచినా మునిగేది.

ఇప్పుడు ప్రార్థన. మాట రావట్లేదన్నారు. బైబిల్లో నూట యాభై కీర్తనలున్నాయి. వాటిలో మూడో వంతుకు దగ్గరగా విలాపాలే, దేవుడి ముందు పెట్టిన ఫిర్యాదులే. మన కూడికల్లో పాడేవి మాత్రం దాదాపు అన్నీ స్తుతులు. అందుకే కష్టం వచ్చినవాడికి గుడిలో తన భాష వినిపించదు, తన నోటికి ప్రార్థన పోయిందనుకుంటాడు. పోయింది ప్రార్థన కాదు, స్తుతి. మిగిలింది విలాపం. అదీ ప్రార్థనే.

13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరు వచనాలే. మొదటి రెండింట్లో ఎంతకాలమని నాలుగు సార్లు అడుగుతాడు. మూడు, నాలుగుల్లో తనకేం కావాలో చెబుతాడు. ఐదు, ఆరుల్లో నమ్మిక. ఈ వరస చూసి మీ విలాపం మీరే ఒక కాగితం మీద రాయండి. నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు. దేవుణ్ణి పిలవడం, జరిగింది చెప్పడం, అడగడం, నమ్మిక ఏమైనా మిగిలి ఉంటే అది. ఉదాహరణకు ఇలా:

"ప్రభువా, ఇంకెవర్ని పిలవాలో తెలియక నిన్నే పిలుస్తున్నాను. నారు పోసిన రోజు నీ పేరు చెప్పి పోశాను. నాలుగెకరాల పనలూ నీ కళ్ల ముందే నానాయి. గింజ మొలకెత్తుతుంటే చూస్తూ ఊరుకున్నావు. ఆసామికి కొలవడానికి నా దగ్గర బస్తా లేదు. పిల్ల కాలేజీ ఫీజు అడిగితే రేపు చూద్దామన్నాను, నాకు రేపు కనపడట్లేదు. వడ్డీ కట్టడానికి ఈ నెల దారి చూపించు. నాకు ఒక రాత్రి నిద్ర ఇవ్వు. నువ్వు వింటున్నావో లేదో నాకు తెలియడం లేదు. అయినా నీతోనే చెబుతున్నాను."

ఇది రాసేటప్పుడు ఎక్కడ తప్పుతుందో చెబుతాను. మొదటిది, సొంత సంగతి రాయకుండా "లోకంలోని కష్టాలన్నీ" అని గుండుగుత్తగా రాయడం. ఎకరాలు, బస్తాలు, పేర్లు రాయండి. పేరు పెట్టని నొప్పి తగ్గదు. రెండోది, నమ్మిక వాక్యం ఎక్కడ లేకుండా పోతుందోనన్న భయంతో మనసులో లేనిది రాయడం. లేకపోతే రాయొద్దు. 88వ కీర్తన పద్దెనిమిది వచనాలూ చదివి చూడండి. చివరికి చీకటే తనకు చుట్టమైందని చెప్పి ఆగిపోతుంది. స్తుతి లేదు, ఓదార్పు లేదు. దాన్నీ పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు, తీసెయ్యలేదు. మీ పేజీ కూడా అక్కడే ఆగితే ఆగనివ్వండి. మూడోది, ఒక్కసారి రాసి గుండె తేలిక కాలేదని వదిలేయడం. గెత్సేమనే తోటలో యేసు మూడు సార్లు అదే మాట అడిగారు. పౌలు తన శరీరంలోని ముల్లు గురించి మూడు సార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. మీరూ వారం రోజులు అదే కాగితం రోజూ ఒకసారి పైకి చదవండి. రెండో వారంలో మారిన చోట కొట్టేసి కొత్తది రాయండి.

కాగితం కూడా పట్టలేని రోజు ఉంటుంది. ఆ రోజు ఊరికే కూర్చోండి. మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో ఆత్మే విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక 8లో ఉంది. అదే అధ్యాయంలో సృష్టి యావత్తూ ప్రసవవేదనతో మూలుగుతోందనీ ఉంది. నాగలి పట్టే మనిషి ఆ మాటను పుస్తకాల మనిషికంటే బాగా వింటాడనుకుంటాను. ఆ మూలుగులో మీ చేనూ ఉంది. క్రైస్తవ నిరీక్షణ అంటే ఆత్మ ఒక్కటీ ఎగిరిపోయి పరలోకం చేరడం కాదు. శరీరం తిరిగి లేస్తుందనీ, ఈ నేల కూడా విడుదల పొందుతుందనీ ఎదురుచూడడం.

తెలుగు బైబిలు ఈ మాటకు 'ఆశ' అనకుండా 'నిరీక్షణ' అనడం నాకు చాలా సరిగ్గా కుదిరినట్టు అనిపిస్తుంది. ఆశలో మనకు కావలసింది ఉంటుంది. నిరీక్షణలో కన్ను ఉంది, ఎదురుచూపు ఉంది. ఇంకా కనపడని దానివైపు చూస్తూ ఉండడమే ఆ మాట. కనిపించేదాన్ని ఎవడైనా నిరీక్షిస్తాడా అని పౌలు కూడా అడుగుతాడు. కాబట్టి "నాకు ఆశ లేదు" అనే మనిషికి కూడా నిరీక్షణ ఉండొచ్చు. ఆయన చూపు ఇంకా అటే ఉంది, అంతే. మీరు ఈ ప్రశ్న అడిగారంటే మీ చూపు అటే ఉంది.

మళ్లీ ఆ ఓడ దగ్గరికి వెళదాం. ఇరవయ్యో వచనంలో, తప్పించుకుంటామన్న ఆశ అందరికీ పూర్తిగా పోయిందని లూకా రాశాడు. ఆ ఓడలో తనూ ఉన్నాడు, 'మనం' అనే రాశాడు. అప్పుడు పౌలు చెప్పిన మాట గమనించండి. ప్రాణాలు దక్కుతాయి, ఓడ దక్కదు. దేవుడు మాట ఇచ్చింది మనుషుల గురించి, ఓడ గురించి కాదు. మనం తరచుగా ఓడ కోసమే ప్రార్థించి, ఓడ పగలగానే దేవుడు మాట తప్పాడంటాం. మీ సార్వా పోయింది. అది తిరిగి రాదు, ఆ సంగతి కప్పిపుచ్చి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. చివరికి ఆ ఓడ ఇసుకలో కూరుకుని వెనక భాగం బద్దలైంది. రెండు వందల డెబ్బై ఆరు మందీ కొందరు ఈదుకుంటూ, కొందరు పలకలు పట్టుకుని ఒడ్డు చేరారు.

ఆ పద్నాలుగో రాత్రి వాళ్లు ఓడ వెనక వైపు నుంచి నాలుగు లంగర్లు దించి, తెల్లవారాలని కోరుకుంటూ కూర్చున్నారు. ముందు నుంచి దించితే వెనక గాలికి ఓడ గిర్రున తిరుగుతుంది. వెనక నుంచి దించితే ముక్కు ఒడ్డువైపే ఉంటుంది. తెల్లారగానే కదలడానికి సిద్ధంగా ఉంటుంది. హెబ్రీ పత్రిక నిరీక్షణను లంగరుతోనే పోల్చింది. లంగరు తుపానును ఆపదు. కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది. ఇలాంటి రోజుల్లో నేను ఎవరికైనా చెప్పేవి ఇవి.

మొదటి లంగరు అరువు మాటల ప్రార్థన. సొంత మాటలు రానప్పుడు పరలోక ప్రార్థన పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. ఏ భావమూ కలగకపోయినా సరే. రోజుకొక కీర్తన: 13, 22, 42, 77, 88, 130, మళ్లీ 13. ఆరింటితో తిప్పండి. రోజుకు ఐదు అధ్యాయాలు, మూడు గంటల ప్రార్థన, నలభై రోజుల ఉపవాసం లాంటి మొక్కులు ఇప్పుడు పెట్టుకోకండి. కుంగిన మనిషి పెద్ద మొక్కు పెట్టుకుంటాడు, మూడో రోజున తప్పుతాడు, తప్పానన్న నేరం పైన వచ్చి కూర్చుంటుంది. అన్నం సహించని ఒంటితో ఉపవాసం అసలు వద్దు.

మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఇక్కడే చెబుతాను. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగండి. అరుగు మీదో వసారాలోనో చిన్న దీపం దగ్గర కూర్చుని 77వ కీర్తన నెమ్మదిగా చదవండి. దాంట్లోనే నా కళ్లు మూతపడనివ్వవని దేవుణ్ణి నిలదీసిన మాట ఉంది. ఫోను చూడకండి, అప్పుల లెక్క వేయకండి. ఆ వేళ వేసే లెక్క ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా తేలుతుంది. కళ్లు బరువెక్కితే మళ్లీ పడుకోండి. ఎప్పుడు నిద్ర పట్టినా పొద్దున లేచే వేళ మార్చకండి. మధ్యాహ్నం అరగంట మించి పడుకోకండి, మూడు దాటాక టీ మానండి. మద్యం తాగితే నిద్ర పడుతుందనిపిస్తుంది, కానీ ఆ నిద్రే మూడింటికి తెగుతుంది.

రెండో లంగరు ఒక మనిషి. సంఘమంతా అక్కర్లేదు, ఒక్కరు. ఆ మనిషి సలహా చెప్పే అలవాటు ఉన్నవారు కాకూడదు, విన్నది బయట చెప్పకూడదు. పాస్టరు అయ్యగారు అయినా సరే, పక్క చేను రైతు అయినా సరే. వారానికి రెండు సార్లు, ఫలానా రోజు ఫలానా వేళ అని ముందే అనుకోండి. "ఎప్పుడైనా రండి" అన్న మాట మీద ఎవరూ రారు.

మూడోది రొట్టె. పౌలు ఆ తుపానులో తెల్లవారుతుండగా అందరినీ బతిమాలి తినిపించాడు. మీ ప్రాణరక్షణకు ఇది అవసరం అన్నాడు, రొట్టె పట్టుకుని కృతజ్ఞతలు చెప్పి విరిచి తినడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లకు అప్పుడు ధైర్యం వచ్చింది. ఆకలి లేకపోయినా మూడు పూటలా వేళకు కూర్చోండి, నాలుగు ముద్దలైనా. ప్రభువు బల్ల తీసుకునే సంస్కారపు ఆదివారం మాత్రం మానకండి. నాకు అర్హత లేదని వెనక బెంచీలో ఉండిపోయేవాళ్లు చాలామంది. ఆ బల్ల ప్రభువు అప్పగింపబడిన రాత్రి పెట్టిన బల్ల. మంచి రోజున పెట్టింది కాదు.

నాలుగోది చేతిలో ఉన్న పని, ముఖ్యంగా కాగితం పని. దీన్ని ఆత్మీయం కాదనుకునేవాళ్లకు ప్రవక్త యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం చూపిస్తాను. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. యిర్మీయా చెరసాల ఆవరణలో ఉన్నాడు. అప్పుడు అనాతోతులో ఒక పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, ముద్ర వేసిన దస్తావేజునూ వేయనిదాన్నీ మట్టికుండలో పెట్టించాడు, చాలా కాలం నిలవడానికి. ఆ పొలంలో ఆయన పంట తీసినట్టు ఎక్కడా లేదు. ఇక ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ తోటలూ మళ్లీ కొంటారన్న దేవుడి మాటకు ఆ కాగితం సాక్ష్యం. కాగితాన్ని జాగ్రత్త చేయడం కూడా నిరీక్షణే అని నేను నమ్ముతాను.

మీ కాగితాల సంగతి. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం, మనం కౌలు కార్డు అనేది, పదకొండు నెలలకే చెల్లుతుంది, దానికి ఆసామి సంతకం కావాలి. భూమి హక్కు పోతుందన్న భయంతో చాలామంది ఆసాములు పెట్టరు. ఆ పత్రం వల్ల కౌలుదారుకు భూమి మీద హక్కు రాదని ఊళ్లో పెద్దమనిషి ఒకరి చేత చెప్పించండి. ఈ-క్రాపు పంట నమోదులో సాగుదారుగా మీ పేరే ఉందా అన్నది రైతు సేవా కేంద్రంలో అడిగి చూసుకోండి. ఆసామి పేరుంటే పరిహారం ఆయన ఖాతాకే పోతుంది. నష్టం 33 శాతం దాటితేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది. కాబట్టి పనలు తీసేయకముందే ఫొటోలు తీసి, నమోదుకు వచ్చినవారికి చూపించండి. జాబితా సచివాలయంలో పెట్టాక పేరు లేకపోతే గడువులోపే అభ్యంతరం రాసివ్వండి. అక్కడ కదలకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మొలకెత్తని పనలు ఇంకా ఏమైనా ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లండి, మొలక ఆగుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం, పాడైన, రంగు మారిన, మొలకెత్తిన గింజ 5 శాతం దాటకూడదు. తుపాను తర్వాత ఒక్కోసారి సడలింపు ఇస్తారు, అడిగి తెలుసుకోకుండా దళారికి తెగనమ్మకండి.

అప్పులన్నీ ఒకే కాగితం మీదికి తెండి. ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, ఎప్పుడు. నూటికి రెండంటే లక్షకు నెలకు 2,000, ఏడాదికి 24,000. ఈ పని పగలు, మీ ఆవిడతో కలిసి చేయండి. చాలా ఇళ్లల్లో ప్రాణం తీసింది అప్పు కాదు, అప్పు దాచిపెట్టడం.

అన్యాయపు న్యాయాధిపతి దగ్గరికి తిరిగి తిరిగి వెళ్లిన విధవరాలి కథను యేసు ప్రార్థన గురించే చెప్పారు. దేవుడి దగ్గర మొరా, ఆఫీసు దగ్గర అర్జీ ఆమెలాంటి పట్టుదలతోనే సాగాలి. మన ప్రాంతంలో దీనికి ఇంకో కోణం ఉంది. మన ప్రార్థనా మందిరాల్లో ఎక్కువ ఊరి బయట పేటల్లోనే లేచాయి. భూమి లేనివాళ్లు, మక్తాకు చేసేవాళ్లు, ఊళ్లోకి చెప్పుతో రానివ్వనివాళ్లు కట్టుకున్నవి. యేసు గవిని (పట్టణపు ద్వారం) వెలుపల శ్రమపడ్డారని హెబ్రీ పత్రిక 13లో చదివితే పేటలో పెరిగినవాడికి ఎవరూ వివరించనక్కర్లేదు. సంతకం కోసం గడప దగ్గర నిలబడే మనిషి దేవుడికి దూరంగా నిలబడలేదు. సిలువ వేసింది అలాంటి చోటే.

విత్తన కానుక గురించి సూటిగా చెబుతాను. వేయకండి. అప్పు తెచ్చి వేసే కానుక దేవుడు అడగలేదు. ఒకడికి కలిగినదాన్ని బట్టే అది అంగీకారమవుతుందనీ, లేనిదాన్ని బట్టి కాదనీ కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8లో ఉంది. అలాగే మూడు నెలల్లో నీ అప్పు తీరుతుందని ఎవరైనా ప్రవచనం చెబితే యిర్మీయా 28, 29 పక్కపక్కన పెట్టి చదవండి. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో బబులోను చెర తీరుతుందన్నాడు, జనానికి నచ్చింది. యిర్మీయా డెబ్బై ఏళ్లన్నాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణపు క్షేమం కోరండి అని ఉత్తరం రాశాడు. నిజమైంది యిర్మీయా మాట. తేదీ చెప్పే ఆశ ఆ తేదీ దాటగానే మనిషిని ఇంకా కిందికి తోస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరి కూలిపోయాక మళ్లీ మొక్క నాటినవాళ్లు కాయ కోసం ఆరేడేళ్లు ఆగారు. డెల్టాలో ఎదురుచూపంటే అంత పొడుగుంటుంది.

సంఘ పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాటా అనలేదు. అప్పటిదాకా వాళ్లు చేసింది సరైనదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పారు, చివరికి దేవుడే వాళ్లను తప్పుపట్టాడు. కాబట్టి ఈ సోదరుడి ఇంటికి వెళ్లేటప్పుడు బియ్యం పట్టుకెళ్లండి, వాక్యం తర్వాత చూద్దాం. పనలు తిరగేయడానికి నలుగురు యువకుల్ని పంపండి. సాక్ష్యం చెప్పమని మైకు ఇవ్వకండి. కోత పండుగకు అందరూ బస్తాలు తెచ్చి పెడుతుంటే ఈయన ఉత్త చేతులతో వస్తారు. ఆ రోజు కానుకల వేలం పాట మొదలవకముందు హబక్కూకు మూడో అధ్యాయం చివర చదివించండి, పొలాలు పంటకు రాకపోయినా అన్న భాగం. ఈ ఏడు మునిగినవాళ్ల పేర్లు ప్రార్థనలో చదవండి. అప్పుడు ఆ పండుగలో ఆయనకూ చోటుంటుంది.

మీరు దాళ్వా (రబీ వరి) వేయాలా వద్దా అన్నది నేను చెప్పలేను, కాలువ నీరూ పెట్టుబడీ చూసుకుని మీరే తేల్చుకోవాలి. వేస్తే ఆ పైరు ఎదిగేది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో. ఈస్టరు కాస్త అటూ ఇటూగా కోతకొస్తుంది. శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య ఒక శనివారం ఉంది. ఆ రోజున శిష్యులకు ఏ సంగతీ తెలియదు. సమాధి మూసి ఉంది. వాళ్లు ఆ శనివారం గొప్పగా విశ్వసించారని సువార్తల్లో లేదు. ఆదివారం వాళ్ల విశ్వాసం వల్ల రాలేదు. మీరిప్పుడున్నది ఆ శనివారంలో. ఈస్టరు నాడు తెల్లవారకముందే మన వాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళతారు కదా. చీకట్లో, పాట ఇంకా మొదలవకముందు, తడి గడ్డిలో నిలబడి ఉంటాం. ఈ ఏడు మీరు పాడలేకపోయినా ఆ గుంపులో నిలబడండి.

ఇక మీ ఆవిడ పక్కన కూర్చోలేకపోతున్నానన్నారు. ఆమెకు ఈ రోజే చెప్పండి: "నాకు మాట రావట్లేదు, నువ్వు చెయ్యి, నేను ఇక్కడే ఉంటాను" అని. కళ్లు మూసుకోనక్కర్లేదు, ఆమేన్ అనక్కర్లేదు. పది నిమిషాలు చాలు, పదకొండో నిమిషాన లేచి వెళ్లిపోండి. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి పైకప్పు విప్పి దించినప్పుడు యేసు వాళ్ల విశ్వాసం చూశారని మార్కు రాశాడు. ఆ మంచం మీదివాడు ఒక్క మాటా అడిగినట్టు లేదు. ఈ కొన్నాళ్లూ మీ మంచం కోడు ఒకటి ఆమెను పట్టుకోనివ్వండి.